కొండవాలు బస్తీలో మంచి తిండి ఎందుకు కరవు?

విశాఖ కొండవాలు బస్తీల వాళ్ళు కూరగాయలు తక్కువ తినడానికి కారణం అవగాహన లేకపోవడమేనా అని ఒకరు నన్ను అడిగారు. ఆరిలోవ వైపు అలాంటి బస్తీలో పదకొండేళ్ళు కాపురం ఉన్నాను. ఆ మాట వింటే నాకు బాధ కలుగుతుంది. ఆకుకూర పిల్లలకు మంచిదని తెలియని తల్లి అక్కడ ఒక్కరూ లేరు.

మా ఇల్లు రోడ్డుకు నూట నలభై మెట్ల పైన. తోపుడుబండి అంత ఎత్తుకు రాదు. పైన ఉన్నది ఒకే కిరాణా కొట్టు. అందులో ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, దండల్లా వేలాడే చిప్స్ పొట్లాలు. ఎంవీపీ కాలనీ రైతుబజారులో ధరలు తక్కువే. కానీ ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళు తెల్లవారకముందే కొండ దిగి, మధ్యాహ్నం దాటాక వస్తారు. అప్పటికి మిగిలేది వడలిన తోటకూరే. ధరలో కలిసొచ్చింది ఆటో ఖర్చుకే సరిపోయేది. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్టు లేకుండా పోవడం పెద్ద ఊరట. అయినా సంచి మోసుకుంటూ మెట్లెక్కాల్సిందే. ఫ్రిజ్ లేని ఇంట్లో వారానికి సరిపడా తెచ్చి ఉంచుకోవడమూ కుదరదు.

మమ్మల్ని ఆదుకున్నది వంతులు. మా వరుసలో ఆరిళ్ళ వాళ్ళం, ఆ రోజు పనికి సెలవున్నవారు ఉదయాన్నే వెళ్ళి అందరికీ తెచ్చేవాళ్ళం. మొదట్లో లెక్కల దగ్గర మాటామాటా వచ్చింది. చీటీ రాసుకోవడం మొదలుపెట్టాక సర్దుకుంది.

నిలవ ఉండేవాటిలో చోళ్ళను మించింది లేదు. రాగులను మా వైపు అలాగే అంటాం. వంద గ్రాముల్లో సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, తెల్లబియ్యంలో అందులో పదో వంతు కూడా ఉండదు. మా అత్తగారు రోజూ చోడి అంబలి కాచేవారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో చేపల వేట నిషేధం, పచ్చిచేప ధర పెరుగుతుంది. అప్పుడు ఎండు నెత్తళ్ళు ఉండేవి. ముల్లుతో సహా తినవచ్చు. రక్తపోటు ఉన్నవాళ్ళు మాత్రం తినకపోవడమే మేలు, నానబెట్టి కడిగినా ఉప్పు పూర్తిగా పోదు. మెట్ల పక్కన గుచ్చిన మునగ కొమ్మ రెండేళ్ళలో నాలుగిళ్ళకు ఆకు ఇచ్చింది.

మీ బస్తీ కింద కూరగాయల బండి నిలపమని అర్జీ పెడితే, వేళ కూడా రాయండి. మేము రాయలేదు. బండి వచ్చింది, పదింటికి. కొనేవాళ్ళంతా పనుల్లో ఉండగా వచ్చి, నెల తిరగకుండానే ఆగిపోయింది. సాయంత్రం ఆరు తర్వాత అని రాయండి.