పాత చీరల లంగోటీలు, ఇంటి ఉగ్గు: పసిబిడ్డ ఖర్చుపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: అక్కా, మాది హనుమకొండ. మా పాపకు మూడో నెల నడుస్తోంది. మా వారు బట్టల దుకాణంలో పనిచేస్తారు, జీతం 18,000 రూపాయలు. రోజుకు ఎనిమిది డైపర్లు, ఒక్కొక్కటి 10 రూపాయల చొప్పున, నెలకు 2,400 రూపాయలు వాటికే పోతున్నాయి. పాత చీరలు చింపి లంగోటీలు కుట్టుకోమని మా అత్తమ్మ అంటున్నారు. పరకాల దగ్గర మా పుట్టింటివాళ్లు పత్తి పండిస్తారు. ఆ పత్తిని లోపల పెట్టి మెత్తని ప్యాడ్ల వలె కుట్టుకుంటే డైపర్ల అవసరమే ఉండదు కదా అని నా ఆలోచన. ఇది మంచిదేనా?

జవాబు: చెల్లెమ్మా, మీ అత్తమ్మ చెప్పింది సరైన మాట. మీ పత్తి ఆలోచన మాత్రం పనికిరాదు, ఎందుకో చెబుతాను. చెట్టు మీది నుంచి తీసిన పత్తి పోగుకు సహజంగానే పలుచని మైనపు పూత ఉంటుంది. అది నీటిని లోపలికి రానివ్వదు. ఒక గ్లాసు నీళ్లలో మీ ఇంటి పత్తిని చిటికెడు, మందుల షాపులో కొన్న దూదిని చిటికెడు వేసి చూడండి. కొన్న దూది నిమిషం గడవకముందే నీటిని పీల్చుకుని మునిగిపోతుంది, చేను పత్తి పైన తేలుతూనే ఉంటుంది. ఆస్పత్రుల్లో వాడే దూదిని క్షారంలో ఉడికించి, ఆ మైనం వదిలించి, తెల్లబరిచి తయారుచేస్తారు. ఎనుమాముల మార్కెట్‌కు బండ్లలో వచ్చే పత్తి ఎంత తెల్లగా ఉన్నా ఆ పని జరగనిదే. దాన్ని ప్యాడ్‌లో పెడితే మూత్రం లోపలికి ఇంకక పక్కల నుంచి కారిపోతుంది, బిడ్డ తడిలోనే ఉంటుంది, పైగా రెండు ఉతుకులకే పత్తి ఉండలు కట్టుకుపోతుంది.

పాత చీర అంత బాగా పీల్చుకోవడానికి కారణం కూడా ఇదే కోవలోనిది. కొత్త నూలు బట్టలో నేతకు ముందు పోగుకు పెట్టిన గంజి మిగిలి ఉంటుంది. ఏళ్ల తరబడి ఉతికిన చీరలో అది పూర్తిగా పోయి, పోగు వదులై, చర్మానికి మెత్తగా తగులుతుంది. అందుకే కొత్త బట్ట కొని కుట్టదలచుకుంటే వేడి నీళ్లలో మూడు నాలుగు సార్లు ఉతికిన తర్వాతే బిడ్డకు కట్టండి. అయితే చీర నూలుదే అని ముందుగా నిర్ధారించుకోండి. మా పెద్దవాడికి నేను కుట్టిన మొదటి అరడజను లంగోటీలు నూలు అనుకుని కోసిన పాలిస్టర్ కలిపిన చీరవి. నాలుగు రోజుల్లో వాడి తొడలు ఎర్రగా కమిలిపోయాయి, తప్పు నాదని తెలిసేసరికి వాడు రెండు రాత్రులు ఏడ్చాడు. ఆ తర్వాతే ఒక పెద్దావిడ పోగు కాల్చి చూడమని నేర్పింది. చీర అంచు నుంచి ఒక పోగు లాగి, బిడ్డకు దూరంగా, అగ్గిపుల్లతో అంటించండి. నూలు కాగితంలా కాలి వేలితో నలిపితే బూడిదవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది.

ఇక కొలతలు. అంచులు, కొంగు పోగా ఒక చీరలో దాదాపు 5 మీటర్ల పొడవు, మీటరు వెడల్పు పనికివచ్చే బట్ట దక్కుతుంది. అరమీటరు చదరాలుగా కోస్తే 20 ముక్కలు వస్తాయి, రెండేసి కలిపి కుడితే 10 లంగోటీలు. మీ పాప వయసుకు 30 ఉంటే రోజూ ఉతుక్కుంటూ ఇబ్బంది లేకుండా గడుస్తుంది. అంటే మూడు చీరలు చాలు. మధ్యలో పెట్టుకోవడానికి పాత టర్కీ తువ్వాలను జానెడు వెడల్పు పట్టీలుగా కోసి, అంచులు కుట్టి, ఒక డజను సిద్ధం చేసుకోండి. పట్టీని లంగోటీకి కలిపి కుట్టకండి. విడిగా ఉంటేనే త్వరగా ఆరుతుంది, తడిసినప్పుడు దాన్ని మాత్రమే మార్చినా సరిపోతుంది. పిన్నీసులు వద్దు, బట్టతోనే నాడాలు కుట్టండి. ఆ నాడాలు పొట్టిగా ఉండాలి, పొడవైనవి కాలికీ వేలికీ చుట్టుకుంటాయి.

పెట్టెలో దాచిన చీరలు తీస్తున్నారంటే ఒక హెచ్చరిక తప్పనిసరిగా చెప్పాలి. డాంబర్ గోళీలని, కలరా ఉండలని మనం పిలిచే నాఫ్తలీన్ ఉండలు వేసి దాచిన బట్టల్లో ఆ మందు ఆవిరి ఇంకి ఉంటుంది. జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతోనే లోపించిన పిల్లలకు దాని వల్ల ఎర్ర రక్తకణాలు పగిలి తీవ్రమైన కామెర్లు రావచ్చు. ఆ లోపం ఉన్నట్టు చాలా ఇళ్లలో ముందుగా తెలియదు. ఆ చీరలను వేడి నీళ్లలో రెండు మూడు సార్లు ఉతికి, వాసన పూర్తిగా పోయేదాకా ఎండలో ఆరవేసిన తర్వాతే కోయండి. బిడ్డ బట్టల పెట్టెలో ఇక ముందు ఆ ఉండలు వేయకండి.

ఉతకడంలో పెద్ద రహస్యమేమీ లేదు. మలాన్ని మరుగుదొడ్డిలో వేసి, ముందు చన్నీళ్లలో జాడించి, సబ్బుతో ఉతికి, సబ్బు జారు పోయేదాకా మూడు నీళ్లు మార్చండి. సబ్బు మిగిలితే అదే ఒరుపుకు కారణమవుతుంది. గంజి, నీలి, సువాసన కోసం కలిపే ద్రవాలు వద్దు. ఆ ద్రవాలు పోగు మీద పొరలా పేరుకుని బట్ట నీరు పీల్చే గుణాన్ని చెడగొడతాయి. ఎండ ఉన్నన్నాళ్లు ఎండలోనే ఆరవేయండి. చిక్కంతా ముసురు పట్టిన రోజుల్లోనే. అప్పుడు గాలి తగిలే చోట తీగ మీద ఆరవేసి, చివరి చెమ్మను ఇస్త్రీతో పోగొట్టండి. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి మీద బుట్ట బోర్లించి ఆరబెట్టే పాత అలవాటు ప్రాణాంతకం, ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు.

రాత్రికి ఒకటి, బయటికి వెళ్లినప్పుడు ఒకటి చొప్పున రోజుకు రెండు డైపర్లు ఉంచుకోవడంలో తప్పు లేదు. బాలింతకు నిద్ర కూడా అవసరమే. అలా చూసినా నెలకు 600 రూపాయలే అవుతుంది. మిగిలిన 1,800 రూపాయల్లోంచి సబ్బు ఖర్చు తీసేసి మీ ఆదా లెక్కవేసుకోండి. ఆ చీరల్లో మిగిలే చిన్న ముక్కలను అరచేయంత గుండ్రంగా కోసి నాలుగు పొరలు కలిపి కుడితే, పాలు కారి జాకెట్టు తడవకుండా మీకే పనికివస్తాయి.

ప్రశ్న: నమస్కారం. మేము జమ్మికుంటలో ఉంటాము. వైప్స్, పౌడరు, బేబీ సబ్బు, కాటుక ఇంట్లోనే చేసుకునే పద్ధతులు చెప్పగలరా? పౌడరుకు బదులు మక్కజొన్న పిండి వాడవచ్చని విన్నాను.

జవాబు: వీటిలో మూడింటిని చేసుకోనూ అక్కరలేదు, కొననూ అక్కరలేదు. పౌడరు బిడ్డకు ఏ విధంగానూ అవసరం లేదు. టాల్క్ అయినా మక్కజొన్న పిండి అయినా చల్లేటప్పుడు లేచే సన్నని ధూళి పసిబిడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతుంది, తొడల మడతల్లో చెమటతో కలిసి ముద్ద కడుతుంది. వేసవి చెమటకాయలకు పలుచని నూలు చొక్కా, గాలి ఆడే గది, రోజుకు రెండు సార్లు తడిబట్టతో తుడవడం చాలు. కాటుక దీపం మసితో ఇంట్లో పట్టినదైనా కంటి లోపల పెట్టకండి. వేలి గోరు తగలడం, మసి చేరడం వల్ల కన్నీటి నాళం మూసుకుపోవడం, కన్ను పుసి కట్టడం మనం చూస్తూనే ఉంటాము. కొన్న కాటుకల్లో సీసం ఉండే ప్రమాదం కూడా ఉంది. దిష్టి కోసమని పెద్దవాళ్లు పట్టుబడితే, అరికాలికో చెవి వెనుకో చుక్క పెట్టి వాళ్ల మనసు కూడా నిలపండి. కాస్టిక్ సోడాతో ఇంట్లో సబ్బు కాచే ప్రయత్నం పసిబిడ్డ ఉన్న ఇంట్లో అసలే వద్దు.

వైప్స్‌కు బదులు జానెడు మెత్తని గుడ్డ ముక్కలు 20, మూత ఉన్న డబ్బా ఒకటి, కాచి చల్లార్చిన నీళ్లు ఉంటే సరిపోతుంది. సబ్బు నీటిలోనో నూనె కలిపిన నీటిలోనో ముక్కలను నానబెట్టి వారానికి సరిపడా దాచే పద్ధతి మాత్రం అనుసరించవద్దు. కొనే వైప్స్‌లో సూక్ష్మజీవులు పెరగకుండా మందు కలుపుతారు, మన డబ్బాలో అది ఉండదు కనుక మరునాటికే నీరు చెడుతుంది. ప్రయాణానికి పొడి గుడ్డలు, సీసాలో నీళ్లు విడివిడిగా పట్టుకెళ్లండి. లంగోటీ కట్టే చోట ఎర్రబడితే నీటితో కడిగి, అద్ది, అరగంట గాలికి వదిలి, పలుచగా కొబ్బరినూనె రాయండి. రెండు మూడు రోజుల్లో తగ్గకపోయినా, ఎరుపు చుట్టూ చిన్న చిన్న పొక్కులు లేచినా అది ఫంగస్ కావచ్చు, వైద్యులకు చూపించండి.

ఒళ్లు రుద్దడానికీ కొబ్బరినూనె మంచిది. నెలలోపు బిడ్డకు ఆవనూనె వద్దు, చర్మపు పైపొరను దెబ్బతీస్తుంది. ఏ నూనె అయినా ముక్కులో, చెవిలో, బొడ్డులో పోయడం ఆపండి. ముక్కులో పోసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా తెస్తుంది. బొడ్డుతాడు ఊడే వరకు పసుపు, బూడిద, పౌడరు ఏదీ పెట్టకుండా పొడిగా వదిలేయడమే దానికి మందు. నలుగు పిండితో రుద్దడం కూడా తొలి నెలల్లో వద్దు, ఆ చర్మం ఇంకా చాలా పలుచనిది.

ప్రశ్న: నేను ములుగు దగ్గర పల్లెలో ఉండే నాయనమ్మను. మనవడికి అయిదో నెల. కోడలికి పాలు చాలడం లేదని ఆవుపాలలో నీళ్లు కలిపి పడుతున్నాము. డబ్బా పాలు, డబ్బా ఉగ్గు కొనే స్తోమత మాకు లేదు. ఇంట్లో ఉగ్గు ఎలా చేయాలి? గాడిదపాలు బలమని ఊళ్లోకి తెచ్చి అమ్ముతున్నారు, పట్టవచ్చా?

జవాబు: పెద్దమ్మా, బట్టల విషయంలో ఎంత పొదుపు చేసినా బిడ్డకు హాని లేదు కానీ, పాల విషయంలో ఇంటి ప్రయోగాలు చేయకూడదు. నీళ్లు కలిపిన ఆవుపాలలో బిడ్డకు కావలసిన శక్తి చాలదు, ఇనుము చాలా తక్కువ. ఏడాది నిండేదాకా తల్లిపాల స్థానంలో ఆవుపాలు పనికిరావు. గాడిదపాలకు మీరు చెల్లించే డబ్బుతో కోడలికి వారం రోజులు గుడ్లు, పప్పు వస్తాయి. పచ్చిపాలు ఏవైనా సరే, విరేచనాలు తెచ్చే క్రిములకు దారి.

ముందుగా పాలు నిజంగా చాలడం లేదా అన్నది తేల్చుకోవాలి. తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డ రోజుకు ఆరుసార్లు, ఆపైన మూత్రం పోస్తూ, అంగన్‌వాడీలో తూచినప్పుడు బరువు పెరుగుతూ ఉంటే పాలు చాలుతున్నట్టే. బిడ్డ ఏడుపు ఒక్కటే కొలత కాదు. పైపాలు పట్టేకొద్దీ బిడ్డ రొమ్ము చీకడం తగ్గుతుంది, చీకడం తగ్గేకొద్దీ పాలు తగ్గుతాయి. ఈ వలయంలో పడిన తల్లులను నేను ఎందరినో చూశాను, వాళ్లలో చాలామందికి లోపం పాలలో లేదు, ధైర్యం చెప్పే మనిషి పక్కన లేకపోవడంలోనే ఉంది. ఆ మనిషి మీరే కాగలరు. కోడలిని పగలూ రాత్రీ ఎక్కువసార్లు రొమ్ము పట్టమని చెప్పండి, ఇంటి పని కొన్నాళ్లు మీరు అందుకోండి. ఆవుపాలు ఆపే ముందు ఈ వారమే బిడ్డను ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించండి. ఆశా కార్యకర్త తోడు వస్తారు. బరువు నిజంగానే తగ్గి ఉంటే ఏం పట్టాలో వైద్యులే చెప్పాలి. డబ్బా పాలు రాసిస్తే డబ్బా మీద రాసిన కొలత ప్రకారమే కలపండి, ఆదా కోసం నీళ్లు ఎక్కువ పోయకండి. తల్లిపాలు చాలినప్పుడు ఆరు నెలలు నిండే వరకు మంచినీళ్లు కూడా అక్కరలేదు, మన వైపు మే నెల ఎండల్లోనూ అక్కరలేదు. తల్లిపాలలో వందకు 87 పాళ్లకు పైగా నీరే. తేనె మాత్రం ఏడాది లోపు నాలుకకు కూడా తాకించకండి. అందులో ఉండే క్రిమి బీజాలు పసివాళ్ల పేగుల్లో మొలకెత్తి, కండరాలు చచ్చుబడే బొట్యులిజం అనే జబ్బు తెస్తాయి.

ఆరు నెలలు నిండిన రోజు నుంచి ఉగ్గు మొదలుపెట్టండి. ఇక్కడ మీ చేతివంట డబ్బాకు ఏమాత్రం తీసిపోదు. మూడు వంతుల బియ్యం, ఒక వంతు పెసరపప్పు కడిగి, నీడన ఆరబెట్టి, కమ్మని వాసన వచ్చేదాకా విడివిడిగా వేయించి, మెత్తగా విసిరి జల్లించండి. రెండు చెంచాల పిండిని చన్నీళ్లలో ఉండ లేకుండా కలిపి, చిన్న గ్లాసు నీటిలో పది నిమిషాలు ఉడికించి, దించాక చెంచాడు నెయ్యి వేయండి. ఉగ్గు చెంచా వంచితే నీళ్లలా జారిపోకూడదు, నిలిచి మెల్లగా దిగాలి. పల్చని జావతో కడుపు నిండుతుంది కానీ బిడ్డ ఎదగడు. చిక్కదనం, మింగడానికి సులువు రెండూ కావాలంటే రాగులను మొలకెత్తించి, ఎండబెట్టి, మొలక తోకలు నలిపి తీసేసి, వేయించి విసరండి. మొలకెత్తేటప్పుడు పుట్టే ఎంజైము గంజిని పలుచబరుస్తుంది కనుక ఎక్కువ పిండి వేసినా మెత్తగానే ఉంటుంది. ఈ పని జొన్నలతో చేయకండి, జొన్న మొలకలో విషపదార్థం ఉంటుంది. విసిరిన జొన్నపిండి మాత్రం వాడుకోవచ్చు. ఉప్పు, చక్కెర ఏడాది వరకు వద్దు.

పిండిని పక్షానికి సరిపడానే చేసుకోండి, వానకాలంలో ఇంకా తక్కువ. పల్లీలు కలపదలచుకుంటే ఒక్క బూజు గింజ కూడా లేకుండా ఏరండి, ఆ బూజు విషం వేయించినా పూర్తిగా పోదు. మొదట రెండు మూడు చెంచాలు, రోజుకు రెండు పూటలు చాలు. వారం వారం పెంచుతూ మెత్తగా నలిపిన ఆకుకూర, పప్పు, ఉడికించిన గుడ్డు ఒక్కొక్కటే చేర్చండి. ఏడో నెల నుంచి అంగన్‌వాడీలో నెలకు 2.5 కిలోల బాలామృతం ఇస్తారు. గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె కలిపిన పిండి అది. చక్కెర ఉంది కనుక దాన్నే మూడు పూటలా పెట్టకుండా, ఇంటి ఉగ్గుతో మార్చి మార్చి పెట్టండి. తల్లిపాలు రెండేళ్ల వరకు, ఆపైన కూడా సాగనివ్వండి.

ప్రశ్న: కరీంనగర్ నుంచి రాస్తున్నాను. మా బాబు తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు కుట్టిస్తున్నాము. చీరతో తొట్లె, ఇంట్లో కుట్టిన దోమతెర కూడా వాడవచ్చా?

జవాబు: ఆవాల దిండు వద్దు. ఏడాది లోపు బిడ్డకు ఏ దిండూ అక్కరలేదు, మెడ వంగి ఊపిరి అందకపోయే ప్రమాదం ఉంది, కుట్టు విడితే ఆవాలు ముక్కులోకి, నోట్లోకి పోతాయి. వెల్లకిలా, గట్టి పరుపు మీదనే నిద్రపుచ్చండి. మెలకువగా ఉన్నప్పుడు మీ కళ్ల ముందు కాసేపు బోర్లా పడుకోబెడుతూ ఉంటే తల ఆకారం చాలావరకు అదే సర్దుకుంటుంది. చీర తొట్లెలో పక్కన మనిషి ఉన్నంతసేపే ఉంచండి. గడ్డం ఛాతీకి ఆనకుండా చూడండి, నిద్రపోగానే తీసి పరుపు మీదికి మార్చండి. దోమతెర నిరభ్యంతరంగా కుట్టుకోండి, అయితే అంచులు పరుపు కిందికి మడిచేంత పొడవు ఉండాలి. 2017 జూన్‌లో మొదలైన, ప్రభుత్వ ఆస్పత్రిలో కాన్పైన తల్లులకు ఇచ్చిన కేసీఆర్ కిట్‌లో దోమతెర కూడా ఇచ్చేవారు. ఇంట్లో పెద్దపిల్లకు వచ్చినది ఉంటే ఉతికి, చిరుగులు కుట్టి అదే వాడండి.