మీ ప్రశ్న – మా జవాబు: ఓటు అడగవచ్చిన ప్రభువు

ప్రశ్న: మా ఊరి రాజావారు కృష్ణచంద్ర గజపతి ఒరిస్సాకు తొలి ప్రధానమంత్రి అయిన సంగతి మేము ఇప్పటికీ చెప్పుకుంటాము. మన కాలంలోనే చెక్ దేశంలో ఒక రాజవంశీయుడు పార్టీ నాయకుడై మంత్రి పదవి నిర్వహించాడని విన్నాను. ఆ వివరాలు తెలుపగలరు. (విశ్రాంత ఉపాధ్యాయుడు, పర్లాకిమిడి)

జవాబు: మాస్టారూ, మీరు విన్నది కారెల్ ష్వార్జెన్‌బెర్గ్ గారి గురించి. ఆయన 1937 డిసెంబరు 10న ప్రాగ్ నగరంలో జన్మించారు. మీ రాజావారు ఒరిస్సాలో మంత్రివర్గం ఏర్పరచినది కూడా ఆ ఏడాదే. అయితే ఇద్దరి రాజకీయానికీ పునాది ఒకటి కాదు. గజపతి గారు జమీందారీ చేతిలో ఉండగా రాజకీయాలలోకి వచ్చారు. నేటి చెక్ దేశం అప్పుడు భాగంగా ఉన్న చెకోస్లొవేకియా 1918లోనే రాచ బిరుదులను రద్దు చేసింది కనుక, కారెల్ గారు పుట్టేనాటికే చట్టం దృష్టిలో సామాన్య పౌరుడు. పైగా 1948 ఫిబ్రవరిలో కమ్యూనిస్టులు అధికారం చేజిక్కించుకోవడంతో ఆ కుటుంబం ఆస్తులన్నీ వదలుకొని ఆస్ట్రియాకు వెళ్లిపోయింది. అప్పటికి ఆయనకు పదేళ్లు.

వియన్నా, గ్రాట్స్ నగరాలలో న్యాయశాస్త్రం, మ్యూనిక్‌లో అటవీశాస్త్రం చదువుతూనే, విదేశాలలో మిగిలిన కుటుంబ ఆస్తుల బాధ్యత మీద పడడంతో ఆ చదువులు పూర్తి చేయలేకపోయారు. ఆయన జీవితంలో నాకు అన్నిటికంటె విలువైనదిగా తోచేది ఆ తరువాతి ఘట్టం. 1984లో ఆయన అంతర్జాతీయ హెల్సింకీ మానవ హక్కుల సమాఖ్యకు అధ్యక్షులయ్యారు. చెక్ దేశంలో నిషేధానికి గురైన రచయితలు తమ పుస్తకాలను టైపు మిషను మీద, కార్బన్ కాగితాలు పెట్టి, కొద్ది ప్రతులుగా కొట్టి చేతి నుంచి చేతికి అందించుకునే రోజులవి. ఆ ప్రతులు సరిహద్దు దాటి వస్తే భద్రపరచడానికి ఆయన జర్మనీలోని బవేరియాలో, షైన్‌ఫెల్డ్ దగ్గరి తమ కోటలో చోటు ఇచ్చారు. చరిత్రకారుడు విలేమ్ ప్రెచాన్ గారు అక్కడ ఆ గ్రంథ భాండారాన్ని నడిపారు. ఒక కోట ఇంతకంటె మంచి పనికి ఉపయోగపడగలదని నేను అనుకోను. 1989లో యూరప్ కౌన్సిల్ మానవ హక్కుల బహుమతిని పోలండ్ కార్మిక నాయకుడు లెహ్ వలెన్సా గారితో పాటు ఆయన అధ్యక్షులుగా ఉన్న ఆ సమాఖ్య పంచుకుంది.

ఆ ఏడాది చివర కమ్యూనిస్టు ప్రభుత్వం కూలిపోయి, నాటకకర్త వాత్స్లావ్ హావెల్ గారు అధ్యక్షులైనప్పుడు, ప్రాగ్ కోటలో తన కార్యాలయానికి అధిపతిగా కారెల్ గారినే పిలిపించుకున్నారు. 1990 నుంచి 1992 వరకు ఆయన ఆ పదవిలో ఉన్నారు. వల్తావా నది ఒడ్డున ఉన్న ఒర్లిక్ కోట తిరిగి కుటుంబానికి దక్కింది కూడా ఆ పరిణామాల తరువాతనే.

ప్రశ్న: ఆయన పార్టీ పేరు చివర 09 అని ఎందుకు ఉంది? (డిగ్రీ విద్యార్థిని, రాయగడ)

జవాబు: అమ్మా, అది పార్టీ పుట్టిన 2009వ సంవత్సరానికి గుర్తు. దాని ముందున్న టాప్ అనే మూడక్షరాల పొడి పేరు సంప్రదాయం, బాధ్యత, సమృద్ధి అనే అర్థాలిచ్చే చెక్ మాటల మొదటి అక్షరాలతో ఏర్పడింది. పార్టీని కట్టిన నేర్పు ప్రధానంగా మిరోస్లావ్ కలౌసెక్ గారిది. ఆయన క్రైస్తవ ప్రజాస్వామ్య పార్టీ నుంచి బయటికి వచ్చిన నాయకుడు, మాజీ ఆర్థిక మంత్రి. జనానికి నమ్మకం కలిగించిన ముఖం మాత్రం కారెల్ గారిది. అప్పటికే ఆయన 2004 నుంచి సెనేట్ సభ్యులు, 2007 నుంచి 2009 వరకు విదేశాంగ మంత్రి. ఆ మంత్రి పదవికి గ్రీన్ పార్టీ వారు తమ సభ్యుడు కాకపోయినా ఆయన పేరును ప్రతిపాదించారు. 2010 ఎన్నికలలో కొత్త పార్టీ 200 స్థానాల దిగువ సభలో 41 గెలుచుకుంది. ఆయన మళ్లీ విదేశాంగ మంత్రి అయ్యారు. ఆ సంకీర్ణ ప్రభుత్వం ఖర్చులు తగ్గించే విధానం పట్టి ప్రజాదరణ కోల్పోయింది; 2013 ఎన్నికలలో పార్టీ బలం 26కు పడిపోయింది. 2015లో కారెల్ గారు పార్టీ అధ్యక్ష పదవి నుంచి తప్పుకోగా, కలౌసెక్ గారు ఆ స్థానంలోకి వచ్చారు.

ప్రశ్న: 2013 అధ్యక్ష ఎన్నికలో ఆయనను పరాయివాడని ప్రచారం చేశారని చదివాను. ఇది నిజమా? మేము ఇక్కడ తెలుగువాళ్లమని, ఆవలి జిల్లాలకు వెళితే ఒడియా యాసవాళ్లమని అనిపించుకుంటాము కనుక అడుగుతున్నాను. (అధ్యాపకురాలు, బరంపురం)

జవాబు: నిజమేనమ్మా. మీ ప్రశ్న వెనుక ఉన్న బాధ నాకు అర్థమయింది. ఇది వివరంగా చెప్పవలసిన విషయం.

చెక్ ప్రజలు తమ అధ్యక్షుణ్ణి నేరుగా ఎన్నుకోవడం అదే మొదటిసారి. అంతకుముందు పార్లమెంటు ఎన్నుకునేది. జనవరిలో జరిగిన తొలి విడతలో మాజీ ప్రధానమంత్రి మిలోష్ జెమన్ గారికి 24.2 శాతం, కారెల్ గారికి 23.4 శాతం ఓట్లు వచ్చి, ఇద్దరూ రెండో విడతకు మిగిలారు. డెబ్బై అయిదేళ్ల ఆ పెద్దమనిషి బొమ్మకు గులాబీ రంగు జుట్టు పెట్టిన బ్యాడ్జీలను యువకులు గుండెలమీద తగిలించుకొని తిరిగారు.

అప్పుడు ఒక టెలివిజన్ చర్చలో బెనెష్ శాసనాల ప్రస్తావన వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, తరతరాలుగా అక్కడే ఉన్న దాదాపు 30 లక్షల మంది జర్మన్ భాషీయులను దేశం నుంచి వెళ్లగొట్టారు. అప్పటి అధ్యక్షుడు బెనెష్ గారి శాసనాల ప్రకారం వారి పౌరసత్వాన్నీ ఆస్తులనూ లాగేసుకున్నారు. నాటి చర్యలను నేటి కొలతతో చూస్తే అవి మానవ హక్కులకు తీవ్ర భంగమని, అప్పటి పాలకులు యుద్ధ నేరాలను విచారించే హేగ్ న్యాయస్థానం ముందు నిలబడవలసి వచ్చేదని కారెల్ గారు అన్నారు. ఆ మాటలు అలా వెళ్లగొట్టిన సరిహద్దు ప్రాంతపు జర్మన్ మాట్లాడినట్టు ఉన్నాయని జెమన్ గారు ఎత్తిపొడిచారు. ఆస్ట్రియాలో పుట్టిన భార్యకు చెక్ భాష రాకపోవడం కూడా ప్రచారంలోకి ఎక్కింది. కారెల్ గారి సొంత చెక్ భాష పాతకాలపు మాటలతో, పదాలు నోటిలోనే నమిలినట్టు అస్పష్టంగా ఉండేది. 1938లో చెక్ దేశపు సరిహద్దులను చెక్కుచెదరనీయరాదని హిట్లర్ ఒత్తిడికి ఎదురుగా ప్రకటన చేసిన ప్రభు కుటుంబాలలో ఆయన తండ్రిది కూడా ఒకటి. అయినా ఆ కొడుకును పరాయివాడు అనగలిగారు. ఈ అన్యాయం నన్ను ఇప్పటికీ కలచివేస్తుంది.

1936 వరకు మద్రాసు రాజధానిలో ఉన్న మీ బరంపురం, సరిహద్దు గీత మారితే ఒరిస్సాలోకి వచ్చింది. మనుషులు కదలలేదు, గీతే కదిలింది. అక్కడ మనుషులనే కదిలించారు. ఆ గాయం గురించి ఓట్లు పోతాయని తెలిసినా మాట దాచుకోకపోవడం ఆయన పట్ల నాకు గౌరవం పెంచింది. ప్రాగ్ నగరం ఆయన వైపే నిలిచినా, దేశం మొత్తం మీద జెమన్ గారు 54.8 శాతంతో గెలిచారు. 45.2 శాతం తెచ్చుకున్న కారెల్ గారు 2021 వరకు పార్లమెంటులో కొనసాగారు. 2023 నవంబరు 11న వియన్నాలో తుదిశ్వాస విడిచిన ఆయనకు డిసెంబరులో ప్రాగ్ కోటలోని సెయింట్ వైటస్ దేవాలయంలో రాజ్య లాంఛనాలతో వీడ్కోలు పలికారు.