యూనివర్సిటీ క్లినిక్‌లో డాక్టర్ ఎందుకు మారుతుంటారు? అసలు దాన్ని నడిపేదెవరు?

యూనివర్సిటీకి అనుబంధంగా ఉన్న ప్రైమరీ కేర్ క్లినిక్‌లో, అంటే మామూలు జబ్బులకి ముందుగా వెళ్లే క్లినిక్‌లో, మీ అమ్మగారికి షుగర్, బీపీ చూపిస్తున్నారు. వెళ్లినప్పుడల్లా కొత్త డాక్టర్ కనిపిస్తున్నారు, ఒకరు చూశాక ఇంకొకరొచ్చి మళ్లీ అవే ప్రశ్నలు వేస్తున్నారు, ఇంతకీ ఈ క్లినిక్‌ని నడిపేదెవరు అని అడిగారు. నేను డాక్టర్‌ని కాదు. అలాంటి క్లినిక్‌లోనే ఫ్రంట్ డెస్క్‌లో చేరి, తర్వాత డాక్టర్లకు షెడ్యూల్ వేసి, చివర్లో మేనేజర్‌గా చేశాను. కాబట్టి కౌంటర్‌కి ఇవతలి వైపు నుంచి చూసింది చెప్తాను.

పేరుకి ఒక మెడికల్ డైరెక్టర్ ఉంటారు, ఒక మేనేజర్ ఉంటారు, పైన డిపార్ట్‌మెంట్ హెడ్ ఉంటారు. రోజువారీ రాజ్యం మాత్రం షెడ్యూల్‌దే. మామూలు క్లినిక్‌లో డాక్టర్ రోజూ అదే గదిలో కూర్చుంటారు. ఇక్కడ పేషెంట్లని చూసేవాళ్లలో చాలామంది రెసిడెంట్లు, అంటే డాక్టర్ చదువు పూర్తి చేసి ఫ్యామిలీ మెడిసిన్‌లోనో జనరల్ మెడిసిన్‌లోనో శిక్షణ పొందుతున్నవాళ్లు. కొన్నాళ్లు వార్డులో, కొన్నాళ్లు ఐసీయూలో, కొన్నాళ్లు ఎమర్జెన్సీలో తిరుగుతూ మధ్యమధ్య క్లినిక్‌కి వస్తారు. చాలా చోట్ల వారానికి ఒకటి రెండు పూటలే వస్తారు. కొన్ని చోట్ల నాలుగు వారాలు ఆసుపత్రి, ఐదో వారం పూర్తిగా క్లినిక్ అనే పద్ధతి పెట్టుకున్నారు. ప్రొఫెసర్లకీ పాఠాలు, రీసెర్చ్, వార్డు రౌండ్లు ఉంటాయి గనుక వాళ్లూ కొన్ని పూటలే కూర్చుంటారు. బోర్డు మీద పేర్ల జాబితా చాంతాడంత ఉంటుంది. ఏ మంగళవారం మధ్యాహ్నమో లోపలికి తొంగిచూస్తే ఉండేది నలుగురు.

అందుకే మేం డాక్టర్లని తలల్లో లెక్కపెట్టేవాళ్లం కాదు, పూటల్లో లెక్కపెట్టేవాళ్లం. ఎవరికైనా నైట్ డ్యూటీ పడితే మర్నాటి క్లినిక్ పూట ఎగిరిపోతుంది. రాత్రంతా మేలుకున్న మనిషిని పేషెంట్ల ముందు కూర్చోబెట్టలేం కదా. ఆ పూటకి బుక్ అయినవాళ్లందరికీ ఫోన్ చేసి తిట్లు తినాలి. ఆసుపత్రి రోస్టర్ చివరి నిమిషంలో వచ్చేది, మేమేమో నెలల ముందే అపాయింట్‌మెంట్లు ఇచ్చేసి ఉండేవాళ్లం. నా ఉద్యోగంలో సగం టెన్షన్ ఇదే.

మరి యూనివర్సిటీ ఇంత తలనొప్పి ఎందుకు తెచ్చిపెట్టుకుంటుంది? 1961లో కెర్ వైట్ అనే డాక్టర్, ఇద్దరు సహచరులతో కలిసి ఒక లెక్క ప్రచురించారు. వెయ్యి మంది పెద్దవాళ్లని తీసుకుంటే నెల రోజుల్లో దాదాపు 750 మందికి ఏదో ఒక నలత చేస్తుంది. 250 మంది డాక్టర్ దగ్గరికి వెళ్తారు. 9 మంది ఆసుపత్రిలో చేరతారు. యూనివర్సిటీ ఆసుపత్రి దాకా వచ్చేది ఒక్కరు. వైద్య విద్యార్థుల చదువేమో చాలావరకు ఆ ఒక్కరి మంచం చుట్టూనే సాగేది. ఎడిన్‌బరో యూనివర్సిటీ ఈ లోటుని అంతకు ముందే పట్టుకుంది. 1948లో జనరల్ ప్రాక్టీస్ (ఇలాంటి ప్రైమరీ కేర్ వైద్యం) నేర్పే యూనిట్ మొదలుపెట్టి, 1963లో రిచర్డ్ స్కాట్‌ని ప్రపంచంలోనే మొదటి జనరల్ ప్రాక్టీస్ ప్రొఫెసర్‌గా నియమించింది. షుగర్, బీపీ, మోకాళ్ల నొప్పి, రాత్రి నిద్రపట్టకపోవడం అన్నీ ఒకే మనిషిలో ఉన్నప్పుడు ఏది ముందు చూడాలో ఐసీయూలో నేర్పలేరు. దానికి మీ అమ్మగారిలాంటి పేషెంట్లు, ఇలాంటి క్లినిక్కే కావాలి.

ఇక రెండో డాక్టర్ సంగతి. వెనకాల పేషెంట్లకి కనబడని గది ఒకటి ఉంటుంది. అందులో ఒక సీనియర్ డాక్టర్, ఆ పూటకి తన పేషెంట్లెవరినీ పెట్టుకోకుండా కూర్చుంటారు. ప్రిసెప్టర్ అంటాం. రెసిడెంట్ మిమ్మల్ని చూసి, అక్కడే కూర్చోమని చెప్పి, ఆ గదికెళ్లి కేసు వివరిస్తారు. నా టేబుల్ పక్కనే కావడంతో ఆ మాటలు చెవినపడేవి. ఒకరోజు ఒక జూనియర్ అమ్మాయి వచ్చి, "నెల రోజులుగా పొడి దగ్గు మేడమ్, జ్వరం లేదు, ఊపిరితిత్తులు క్లియర్‌గా ఉన్నాయి. ఎక్స్‌రే తీయించి యాంటీబయాటిక్ ఇద్దామనుకుంటున్నా" అంది.

"యాంటీబయాటిక్ దేనికి?"

జవాబు లేదు.

"ఏమేం మందులు వాడుతున్నారు?"

"మెట్‌ఫార్మిన్, ఎనాలప్రిల్..." అని చదువుతూ ఆగిపోయింది.

"ఎనాలప్రిల్ ఎప్పుడు మొదలైంది?"

"ఆరు వారాలైంది మేడమ్."

ఆ తర్వాత మేడమ్ చెప్పడానికేం మిగల్లేదు. ఎనాలప్రిల్ రకం బీపీ మందులు కొందరికి పొడి దగ్గు తెప్పిస్తాయని డాక్టర్లందరికీ తెలిసిందే, నెల రోజుల దగ్గు వింటున్నప్పుడు గుర్తు రావడమే కావాలి. ఇద్దరూ కలిసి గదిలోకెళ్లారు. మేడమ్ దగ్గు గురించి మళ్లీ మొదటి నుంచీ అడిగారు, మందు మార్చారు. ఆ పేషెంట్ బయటికొచ్చి, "చిన్నావిడకి చెప్పిందే పెద్దావిడకి మళ్లీ చెప్పించారు, నా టైమంతా వేస్ట్" అని నా మీద విసుక్కున్నాడు. లోపల ఏం జరిగిందో ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఇలాంటి క్లినిక్‌ల మీద నాకున్న పెద్ద ఫిర్యాదు ఇదే. రెండో డాక్టర్ ఎందుకొస్తారో ముందే ఒక్క మాట చెప్తే సగం గొడవలు ఉండవు.

ఆ ప్రశ్నల వరస కూడా గాలివాటంగా వచ్చేది కాదు. 1992లో రాసిపెట్టిన ఒక బోధనా పద్ధతి ఉంది, వన్ మినిట్ ప్రిసెప్టర్ అంటారు. ముందు జూనియర్ చేత ఏమనుకుంటున్నావో చెప్పించడం, ఎందుకని అడగడం, పనికొచ్చే సూత్రం ఒకటి నేర్పడం, బాగా చేసినదేదో చెప్పడం, తప్పుంటే దిద్దడం. పేరుకే ఒక్క నిమిషం. ముందు ఇద్దరు రెసిడెంట్లు నిలబడి ఉంటే పావుగంట ఎక్కడికి పోతుందో తెలీదు. మీరు లోపల ఒంటరిగా కూర్చుని గోడ మీద పోస్టర్ చదువుకునేది ఆ పావుగంటే.

సీనియర్ ప్రతి పేషెంట్‌నీ స్వయంగా చూడాలా అన్నది దేశాన్ని బట్టి, నిబంధనని బట్టి ఉంటుంది. అమెరికాలో పెద్దవయసువాళ్లకి ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా మెడికేర్ నిబంధన ప్రకారం, అర్హత ఉన్న ప్రైమరీ కేర్ సెంటర్లలో ఆరు నెలలకు మించి శిక్షణ అయిన రెసిడెంట్లు అంత చిక్కులేని కేసుల్ని చూస్తే, సీనియర్ గదిలోకి వెళ్లకుండా కేసు సమీక్షించినా సరిపోతుంది. అయితే అలా ఒక సీనియర్ కింద ఒకేసారి నలుగురు రెసిడెంట్లకు మించకూడదు. షెడ్యూల్ వేసేవాళ్లకి అది లక్ష్మణరేఖ. ప్రిసెప్టర్ ఒక్కరికి జ్వరమొస్తే నాలుగు గదులు మూతపడతాయి.

నిజమైన కష్టం పేషెంట్ ఇంటికెళ్లాక మొదలవుతుంది. సోమవారం రాసిన రక్తపరీక్ష రిపోర్ట్ మంగళవారం రాత్రి వస్తుంది, పొటాషియం ఎక్కువగా ఉందని. రాసిన రెసిడెంట్ అప్పుడు ఐసీయూలో ఉంటారు. దాన్ని ఎవరు చూడాలి? బాగా నడిచే క్లినిక్‌కీ నడవని క్లినిక్‌కీ తేడా నా దృష్టిలో ఇక్కడే తెలుస్తుంది. మేం కొందరు రెసిడెంట్లు, ఒక ప్రొఫెసర్, ఒక నర్స్, ఒక ఫ్రంట్ డెస్క్ మనిషి కలిసి ఒక టీమ్ అని విడదీశాం. ఎవరు లేకపోయినా వాళ్ల రిపోర్టులు, రీఫిల్ అడిగిన ఫోన్లు ఆ టీమ్‌లో ఆ రోజు ఉన్నవాళ్లే చూడాలి. డాక్టర్లు మారినా నర్స్ మారదు. ఏ పేషెంట్ ఇన్సులిన్ మానేసి కూర్చుంటారో, ఎవరికి ఫోన్ చేస్తే కూతురు ఎత్తుతుందో ఆవిడకే తెలుసు.

ఏటా ఒక బ్యాచ్ శిక్షణ ముగించుకుని వెళ్లిపోతుంది. వాళ్ల పేషెంట్లందరినీ కొత్తవాళ్లకి అప్పగించాలి. కొందరి విషయంలో కాగితాల మీద అప్పగింత చాలదు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ అనే మందు వాడుతున్నవాళ్లు, క్యాన్సర్ అనుమానంతో పరీక్షలు సగంలో ఉన్నవాళ్లు, ఇటీవలే డిశ్చార్జ్ అయినవాళ్లు, వీళ్లకి విడిగా లిస్ట్ రాయించి, పాత డాక్టర్, కొత్త డాక్టర్ ఎదురెదురుగా మాట్లాడుకునేలా చేసేవాళ్లం. ఆ నెలలో నేను సెలవు పెట్టిన గుర్తు లేదు.

అపాయింట్‌మెంట్ ఎంత త్వరగా దొరుకుతుందో కొలవడానికి మేం చూసేది మొదటి ఖాళీని కాదు, మూడో ఖాళీని. రేపే ఒక స్లాట్ ఉందంటే ఎవరో అప్పుడే క్యాన్సిల్ చేసి ఉండొచ్చు. మూడో ఖాళీ ఎన్ని రోజుల దూరంలో ఉందో చూస్తే అసలు పరిస్థితి బయటపడుతుంది. డబ్బు సంగతి పెద్దగా చెప్పను. నేర్పుతూ చూస్తే తక్కువమందినే చూడగలం, కాబట్టి ఇలాంటి క్లినిక్ ఖర్చుకి ఎవరో ఒకరు ఆసరా ఇవ్వాల్సిందే. పైగా మా దగ్గర డాక్టర్ల జీతం యూనివర్సిటీది, నర్సులదీ మాదీ ఆసుపత్రిది. ఒక ప్రింటర్ కొనాలన్నా ఇద్దరు బాసులు.

మీరు చెయ్యగలిగింది: అమ్మగారి పేరు ఏ డాక్టర్ కింద, ఏ టీమ్ కింద ఉందో డెస్క్‌లో అడగండి. రెసిడెంట్ అయితే శిక్షణలో ఎన్నో ఏడో కూడా అడగండి, మొహమాటం అక్కర్లేదు. మొదటి ఏడాదివాళ్లని ఎంచుకుంటే శిక్షణ పూర్తయ్యేదాకా అదే మనిషి చూసే అవకాశం ఎక్కువ. అసలు మారకూడదనుకుంటే ప్రొఫెసర్ కింద పెట్టమనండి, కాకపోతే ఆయన పూటలు తక్కువ, ఎక్కువ రోజులు ఆగాలి. తర్వాతి అపాయింట్‌మెంట్ అదే డాక్టర్‌తో వేయించుకున్నాకే బయటికి రండి, ఇంటికెళ్లి ఫోన్ చేస్తే ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లకి వేస్తారు.

యూనివర్సిటీ పేరుంది కదా, స్పెషలిస్టులు వెంటనే దొరుకుతారా అని కూడా అడిగారు. మాకున్న సుఖం ఏంటంటే కంప్యూటర్‌లో రికార్డు ఒకటే కావడంతో మా డాక్టర్ రాసింది వాళ్లకి కనిపించేది. క్యూ మాత్రం వాళ్లదే, మా మాట చెల్లేది కాదు. స్పెషలిస్ట్‌కి చూపించమని రిఫరల్ రాశారని వదిలెయ్యకుండా, వారం తర్వాత మీ టీమ్ నర్స్‌కి ఫోన్ చేసి అది అటువైపు అందిందో లేదో కనుక్కోండి.