పాత బంగళా కెఫేకి అద్దెకివ్వాలంటే

ప్రశ్న: మారేడ్‌పల్లిలో మా తాతగారు కట్టించిన రెండంతస్తుల బంగళా ఉంది. డంగు సున్నం (గానుగలో రుబ్బిన సున్నం) గోడలు, టేకు దూలాల మిద్దె. వానొస్తే మేడగది కారుతోంది, కింద గోడలు మోకాలెత్తు దాకా పెచ్చులూడుతున్నాయి. కెఫేకి అడుగుతున్నారు. గోడలకు సిమెంటు పూత, మేడ మీద వంటగది, హాల్లో ఒక గోడ తీసేయడం వాళ్ల షరతులు. ఒప్పుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

జవాబు: కెఫేకి ఇవ్వండి, ఆ మూడు షరతులకు మాత్రం ఒప్పుకోకండి. వాడకం మారడం హైదరాబాద్ ఇళ్లకు కొత్తేం కాదు. ఒకప్పుడు బ్రిటిష్ రెసిడెంట్ ఉన్న కోఠీ రెసిడెన్సీలోకి 1949లో మహిళా కళాశాల వచ్చింది. సరోజినీ నాయుడి పుట్టిల్లు గోల్డెన్ థ్రెషోల్డ్‌లో 1974లో ఏకంగా హైదరాబాద్ విశ్వవిద్యాలయమే మొదలైంది.

పెచ్చులూడే చోట గోడ తట్టి చూడండి. డొల్లగా మోగితే పూత గోడను వదిలేసినట్టే, బహుశా ఇదివరకే ఎవరో సిమెంటు కొట్టి ఉంటారు. నేలలోంచి ఎక్కే చెమ్మ సున్నం పూతలోంచి ఆరిపోతుంది. సిమెంటు అడ్డుపడితే ఇంకా పైకెక్కుతుంది, ఉప్పు లోపలే పేరుకుని ఇటుక పిండవుతుంది. సిమెంటంతా చెక్కించి, ఇటుకల సందులు ముప్పావు అంగుళం లోతున గీకించి, గోడ తడపండి. నానబెట్టిన సున్నం ఒక పాలు, ఇసుక మూడు పాళ్లు గానుగలో రుబ్బించి రెండు పూతలు వేయించండి. ఒక్కోటి అర అంగుళం మించకూడదు, ఒకేసారి మందంగా మెత్తితే బీటలిస్తుంది. వారం పాటు తడి గోనెపట్టాలు వేలాడదీయాలి. ఎండాకాలం వద్దు, దసరా దాటాక మొదలెట్టండి. పైన వెల్లవేయడమే, ఎమల్షన్ పెయింటు వేశారా, కథ మళ్లీ మొదటికే.

మిద్దె కారుతుంటే ముందు తూములు, పిట్టగోడ అడుగుభాగం, పగుళ్లలో మొలిచిన రావి మొక్కలు చూడండి. దూలం గోడలోకి దూరే చోట స్క్రూడ్రైవర్‌తో పొడవండి, సులువుగా దిగితే కొన పుచ్చినట్టే. పైన కాంక్రీటు పోయించొద్దు. నాలుగంగుళాల మందమైతే చదరపు అడుగుకు 22 కిలోల బరువు కొత్తగా పడుతుంది.

వంటగది పెరట్లోనే. పాత బంగళాల్లో వంటిల్లు విడిగా ఉండేదీ పొగ, తడి, నిప్పు దూరంగా ఉండాలనే. మేడ మీద బల్లలు వేయాలన్నా ఇంజనీరు లెక్క కట్టాలి: ఇంటి గది నేల చదరపు మీటరుకు 200 కిలోలు మోస్తే చాలు, భోజనశాలది 400 మోయాలి. హాల్లో గోడ మీదే దూలాలు ఆని ఉంటాయి, తీయొద్దు.

వాడకం మార్పుకు జీహెచ్‌ఎంసీ అనుమతి తీసుకోండి. మిద్దె నడుమ నీళ్ల ట్యాంకు పెట్టకూడదని అద్దె ఒప్పందంలోనే రాయించండి. వెయ్యి లీటర్లంటే టన్ను బరువు.