సైకిల్ దిగగానే కాళ్లు రాళ్లయిపోతున్నాయి: సమాధానం

క్యాన్సర్ పరిశోధనకి విరాళాల కోసం, సైకిల్ తర్వాత పరుగు ఉండే పోటీకి సిద్ధమవుతున్నారు కదా. వైజాగ్ నుంచి భీమిలి దాకా వెళ్లొచ్చి సైకిల్ దిగగానే పరుగు రావట్లేదన్నారు. అది ఓపిక లేక కాదు. సైకిల్ ఒక రోజు, పరుగు ఇంకో రోజు చేస్తున్నారు కాబట్టి, తొక్కుడు నుంచి పరుగుకి మారడం కాళ్లకి అలవాటు కాలేదు.

1. అందరూ వదిలేసేది ఇదే: చివరి 2 కిలోమీటర్లు తేలిక గేర్‌లో పెడల్ చకచకా తిప్పండి. రుషికొండ దగ్గర ఎత్తుల్లో బరువు గేర్‌తో నెట్టుకొచ్చి, అలాగే దిగితే తొడలు బిగుసుకుపోతాయి.

2. వారానికోసారి తెన్నేటి పార్కు దగ్గర సైకిల్ స్నేహితుడికిచ్చి, వెంటనే ఆర్కే బీచ్ వైపు 10 నిమిషాలు పరిగెత్తండి. మధ్యలో కూర్చోవద్దు, కొబ్బరి బోండం తర్వాత.

3. పరుగులో మొదటి కిలోమీటరు చిన్న చిన్న అడుగులే. పోటీ రోజు విరాళం ఇచ్చినవాళ్లు చూస్తున్నారన్న టెన్షన్‌తో దూకకండి. వాళ్లు మీ టైమింగ్ చూసి ఇవ్వలేదు.

మోకాలి నొప్పి వస్తే మాత్రం ఆగి, డాక్టర్‌కి చూపించండి.