ఎలైట్, మార్క్సిస్టు విమర్శల తేడా – మామిడి ధరతో చెబుతా

బహుళవాదం మీద ఈ రెండు విమర్శలూ ఒకేలా ఉన్నాయి, ఎస్వీయూ ఎంఏ పరీక్షలో తేడా ఎలా రాయాలి అని అడిగావు కదా తమ్ముడూ. మన చిత్తూరు తోతాపురి ధరే తీసుకో.

కలెక్టరేట్‌లో రైతులు, వ్యాపారులు, గుజ్జు ఫ్యాక్టరీలవాళ్లు కూర్చుని బేరమాడారనుకో. అందరి మాటా కొంత నెగ్గింది కాబట్టి అధికారం ఒక్కరి చేతిలో లేదంటుంది బహుళవాదం. 1961లో బహుళవాది రాబర్ట్ డాల్ అమెరికాలోని న్యూహేవెన్ నగర నిర్ణయాలు చూసి తేల్చింది ఇంచుమించు ఇదే.

అధికారం కొద్దిమంది పెద్దల చేతిలోనే ఉంటుందనే ఎలైట్ వాది, అసలు నిర్ణయించే కుర్చీల్లో ఎవరున్నారని అడుగుతాడు. మిల్స్ 1956లో అమెరికా కార్పొరేట్, సైనిక, రాజకీయ పెద్దలను చూపించింది అందుకే. బాక్రాక్, బరాట్జ్ 1962లో ఇంకో మెలిక పెట్టారు: కొన్ని సంగతులు చర్చకే రాకుండా ఆపడమూ అధికారమే.

పెట్టుబడి ఎవరి చేతిలో ఉందో చూసే మార్క్సిస్టుకు కుర్చీలతో పెద్ద పనిలేదు. ఫ్యాక్టరీవాళ్లు మీటింగుకు రాకపోయినా, గేటు మూస్తే కాయ కుళ్లుతుంది, కూలీలకు పని పోతుంది. ఏ ప్రభుత్వమైనా దిగిరావాల్సిందే. మార్క్సిస్టు పులాంట్జాస్ వాదన ఈ దారిలోనిదే. ఇంకో మార్క్సిస్టు మిలిబాండ్ (1969) మాత్రం అధికారుల వర్గ నేపథ్యం కూడా లెక్కేస్తాడు. అది కుర్చీల్లో ఎవరున్నారనే ఎలైట్ ప్రశ్నలాగే కనిపిస్తుంది, నువ్వు తికమకపడింది బహుశా అక్కడే.

బహుళవాదుల్లోంచే లిండ్‌బ్లామ్ 1977లో వ్యాపారానికి ప్రత్యేక స్థానం ఉందని ఒప్పుకున్నాడు. అదీ ఒక వాక్యం రాయి.