రికార్డింగ్ డాన్సులో రికార్డు చేసేదేంటి?

రికార్డింగ్ డాన్సులో ఎవరు ఏం రికార్డు చేస్తారని అడిగారు. ఎవరూ ఏమీ చెయ్యరండి. ముందే పట్టేసిన పాటకి చిందులెయ్యడం, అంతే. మా రాజోలు వైపు పెద్దాళ్ళు రికార్డు డాన్సనే అనేవారు. వెనకాల ఆ 'ఇంగు' తర్వాతెవరో తగిలించుంటారు. మనకి రికార్డింగంటే పట్టే పని కాదు, పట్టి పెట్టుకున్న సరుకు. "అది లైవ్ కాదెహె, రికార్డింగు" అంటాం చూడండి, అదే ఇదీ. నిఘంటువు తిరగెయ్యక్కర్లేదు, ఒక్క తీర్థం, అదే మా వైపు జాతర, చూస్తే చాలు.

నేను ఆరో తరగతి, 1981 అనుకుంటా. కనుమ రాత్రి, ప్రభలు తిరిగొచ్చేశాక, కోతలైన చేలో రెండెడ్లబళ్ళు కలిపి స్టేజీ కట్టారు. పట్నాల్లో క్యాసెట్లొచ్చేసినా మా మైకుసెట్టు బాబాయ్ నల్ల పళ్ళేలు, అవేనండి గ్రామఫోను రికార్డులు, వదల్లేదు. పాతవైతే లక్కవి, నిమిషానికి 78 చుట్లు, ఒక్కోవైపు ఇంచుమించు మూడు నిమిషాల పాటే పట్టేది. డాన్సావిడ చరణంలోకి వచ్చిందో లేదో, ముల్లు అరిగిన గీతలో ఇరుక్కుంది. అదే ముక్క, మళ్ళీ అదే ముక్క. బాబాయేమో బీడీకి వెళ్ళాడు. ఆవిడ ఆగిందా? మొదటిసారి సిగ్గుపడింది, రెండోసారి కోప్పడింది, మూడోసారి కన్నుకొట్టింది, నాలుగోసారి మైకుసెట్టు వైపు తిరిగి దణ్ణం పెట్టింది. చేనంతా ఈలలే.

మా తాతయ్య పద్యనాటకాల మనిషి. "మేం ఒక్క పద్యం మళ్ళీ వినాలంటే వన్స్‌మోర్ అని గొంతు చించుకునేవాళ్ళం. ఇదేంట్రా, అడక్కుండానే పాడేస్తోంది!" అన్నారు. హార్మణీ వాయించేవాడైతే పాడేవాడి దమ్ము చూసి తగ్గుతాడు. పళ్ళెం ఎవరికోసం తగ్గుతుందండి?

ఇప్పుడు గుళ్ళో డోలుకీ మోటారే. భగవద్గీత సంగతి మరీ ఘోరం. మైకులో వినపడితే చాలు, "ఎవరు పోయారు?" అని వీధిలోకొస్తున్నారు. మంచి మాటల్ని రికార్డు చేసి చావు ఇళ్ళకి అంటగట్టేశాం.

మొన్న మా తీర్థంలో ఫ్లెక్సీ మీద 'లైవ్ మ్యూజికల్ నైట్' అని వేశారు. తీరా చూస్తే ఓ కుర్రాడు, వాడి ఫోను, బ్లూటూతు. పాట మధ్యలో ఫోనొచ్చింది. కంగారులో కోసెయ్యబోయి ఎత్తేశాడు. "గేదె ఈనిందిరా, ఎక్కడ చచ్చావ్?" అని వాళ్ళమ్మ గొంతు ఆరు బాక్సుల్లోంచి ఊరంతా మోగింది.

లైవంటే ఆ రాత్రికి అదొక్కటేనండి.